ధ్రువ నక్షత్రం కోసం ముప్పై మూడు రోజులు, పుట్టింటికి ఆరు కిలోమీటర్లు

2024 నవంబరు 4, సోమవారం రెండో పీరియడ్. ఆరో తరగతికి దిక్కుల పాఠం చెబుతున్నాను. ‘ధ్రువ నక్షత్రం ఎప్పుడూ ఉత్తరాన్నే చూపిస్తుంది’ అని బోర్డు మీద రాశాను. పద్నాలుగేళ్లుగా రాస్తున్న వాక్యమే. వెనక బెంచీలోంచి ఒక పిల్లాడు లేచి, “మేడం, ఈ రాత్రి మా మిద్దె ఎక్కితే అది యాడుందో ఎట్ల కనుక్కోవాల?” అన్నాడు. సప్తర్షి మండలం బొమ్మ గీసి, గిన్నె అంచున ఉన్న రెండు చుక్కల్ని కలిపి గీత పొడిగించమని చెప్పాను. మర్నాడు పొద్దున వచ్చి “ఆ ఏడు చుక్కలే లేవు మేడం” అన్నాడు. సరిగ్గా చూసుండవులే అన్నాను.

ఆ సాయంత్రం నేనూ మిద్దె ఎక్కాను. నిజంగానే లేవు.

ఒప్పుకుంటున్నాను, అప్పటిదాకా ధ్రువ నక్షత్రం ఏదో నాకు తెలియదు. నా పెళ్లిలో పురోహితుడు అరుంధతిని చూపించింది పగలు పదకొండింటికి, షామియానా బయట. “కనపడిందా అమ్మా?” అంటే “కనపడింది” అన్నాను. ఆకాశంతో నా పరిచయం అంతే. పిల్లాడి ముందు తల కొట్టేసినట్టయింది. ఆ రాత్రే ఒక పంతం పట్టాను. మాది అనంతపురం జిల్లా, కళ్యాణదుర్గం వైపు. బడి ఉన్న ఊరి నుంచి మా పుట్టిల్లు దాదాపు నేరుగా ఉత్తరాన ఉంటుంది. తిన్నగా పోతే ఆరు కిలోమీటర్లు, బస్సులో చుట్టూ తిరిగిపోతే పదిహేడు. ఫోనూ దిక్సూచీ చూడకుండా పగలొకసారి, రాత్రొకసారి నడిచి పోవాలి. సంక్రాంతిలోపు అయిపోతుందనుకున్నాను. ఫిబ్రవరి చివరిదాకా పట్టింది.

మొదట ఎండతో మొదలుపెట్టాను, అదే తేలిక అనుకుని. నవంబరు 10 ఆదివారం పెరట్లో మీటరు పొడవున్న కర్ర పాతాను. మేస్త్రీలు గోడ కట్టేటప్పుడు వేలాడదీసే గుండు అడిగి తెచ్చి, కర్ర నిటారుగా ఉందో లేదో సరిచూశాను. పొద్దున పది ఇరవైకి నీడ కొన ఎక్కడుందో అక్కడ గులకరాయి పెట్టి, కర్ర చుట్టూ తాడుతో అంత దూరంలోనే వలయం గీశాను. నీడ లోపలికి తగ్గిపోయి, మధ్యాహ్నం మళ్లీ పెరిగి ఒకటీ యాభైకి ఆ వలయాన్ని తాకింది. అక్కడ రెండో రాయి. మొదటి రాయి పడమర, రెండోది తూర్పు. రెంటికీ నడిమి చోటు నుంచి కర్ర మొదలుకు గీత గీస్తే అది ఉత్తర దక్షిణాలు. మా వీధి చివర ముహూర్తాలు పెట్టే పెద్దాయన చూసి నవ్వాడు. “ఇది శంకువమ్మా. సూర్యసిద్ధాంతంలో ఉంది. శంకుస్థాపన అంటారే, ఆ శంకువే. ఇప్పుడు రాయి వేసి కొబ్బరికాయ కొట్టడమే మిగిలింది” అన్నాడు.

మూడున్నర గంటలు పట్టిన పని అది. ఎవరూ చెప్పని సంగతేమిటంటే, మధ్యలో కోడో, కుక్కో, పక్కింటి పిల్లలో ఒక్కసారి కర్రను తగిలితే మళ్లీ మొదటి నుంచి చేసుకోవాలి. నాకు కోడి వల్ల ఒక ఆదివారం పోయింది. ఇంకో వింత కూడా గమనించాను. ఆ రోజు మా ఊళ్లో నడిపొద్దు పన్నెండింటికి కాదు, 12:05కు. నాలుగైదు నిమిషాలే కదా అని అప్పుడు పట్టించుకోలేదు. ఆ నిర్లక్ష్యానికి ఫిబ్రవరిలో మూల్యం చెల్లించాను.

చుక్కల సంగతి మాత్రం ముందుకు కదల్లేదు. మా బళ్లో ఫిజిక్స్ చెప్పే సార్ అసలు విషయం చెప్పారు. నవంబరు సాయంత్రాల్లో సప్తర్షి మండలం ఉత్తర దిక్కున నేల కిందే ఉంటుందట. ఉత్తర దేశాల్లో అది ఎప్పుడూ అస్తమించదు కాబట్టి అక్కడివాళ్లు ఏ రాత్రయినా చూడొచ్చు. మనకు అలా కుదరదు, తెల్లవారుజామున లేవాలి. సరేనని నాలుగున్నరకు అలారం పెట్టాను. మొదటి వారం మంచు, తర్వాత మబ్బులు, నెలాఖరుకు ఫెంగల్ తుఫాను. నవంబరు 30న అది పుదుచ్చేరి దగ్గర తీరం దాటితే మా దాకా ముసురు పట్టింది. మా ఆయన రోజూ అలారం మోతకు లేచి “ఇవాళ కూడా లేదా?” అని మళ్లీ ముసుగు తన్నేవాడు.

డిసెంబరు 8 తెల్లవారుజామున ఆకాశం కడిగినట్టుంది. ఈశాన్యంలో గిన్నె తలకిందులుగా నిలబడి ఉంది. క్రతువు, పులహుడు, గిన్నె అంచున ఉన్న ఆ రెండు చుక్కల మధ్య దూరానికి ఐదు రెట్లు కిందికి, ఎడమకు పోయాను. అక్కడ పక్కింటి నీళ్ల ట్యాంకు ఉంది! మిద్దె ఆ చివరకు పోయి, పిట్టగోడ పట్టుకుని ఒంగి చూస్తే ట్యాంకు పక్కన ఒక్కటే చుక్క. మసకగా ఉంది. ఇదా? ఇంతేనా? చిన్నప్పటి నుంచి ధ్రువుడి కథ విని ఆకాశంలో అన్నిటికంటే మెరిసే చుక్కనుకున్నాను. ఎత్తు కూడా అనుకున్నంత లేదు. చేయి చాపి పిడికిలి పడితే పిడికిలిన్నర. మన ఊరు భూమధ్యరేఖకు ఎన్ని డిగ్రీల ఉత్తరాన ఉంటే ధ్రువ నక్షత్రం అన్ని డిగ్రీల ఎత్తునే కనపడుతుంది. మాకు పద్నాలుగున్నర. చెట్టయినా, కొండయినా, దుమ్మయినా చాలు దాన్ని మింగెయ్యడానికి.

అదేనా కాదా అన్న అనుమానం పోక, బట్టలారేసే తీగకు రెండు దారాలు కట్టి రాళ్లు వేలాడదీశాను. రెండు దారాలూ ఒకదాని వెనక ఒకటి పడి, వాటి వెనక ఆ చుక్క వచ్చేలా నిలబడి గోడ మీద సుద్దతో గుర్తు పెట్టాను. గంట తర్వాత చూస్తే మిగతా చుక్కలన్నీ జరిగాయి, ఇది దారం వెనకే ఉంది. ఒళ్లు జలదరించింది. కింద ఎవరో పాలకు పోతూ “మేడం, పైన ఏం చేస్తాండారు?” అని అరిచాడు. ఏం చెప్పాలో తోచక “బట్టలు” అన్నాను, ఐదున్నర చీకట్లో. బొమ్మ గీసి చూపిస్తే మా వెనక బెంచీ పిల్లాడు వెంటనే నమ్మలేదు, తనే చూసుకుంటానన్నాడు. అది నాకు నచ్చింది.

సంక్రాంతికి పుట్టింటికి పోయినప్పుడు చిన్న మామను పట్టుకున్నాను. అమ్మకు తమ్ముడు. నలభై ఏళ్లుగా గొర్రెలు మేపుతున్నాడు. రాత్రిళ్లు రైతుల పొలాల్లో ఎరువు కోసం మంద ఆపి, కంబళి కప్పుకుని అక్కడే పడుకుంటాడు. ఆయనకు ధ్రువ నక్షత్రం బాగా తెలిసుంటుందనుకున్నాను.

“ఆ సుక్కతో నాకేం పని పాపా?” అన్నాడు. “అది కదల్దు. కదల్ని సుక్క టైమ్ ఎట్ల జెప్తాది?”

మామకు చుక్కలంటే గడియారమే గాని దారి కాదు. దారి కొండలు చెబుతాయి, గాలి చెబుతుంది, కాళ్ల కింద నేల చెబుతుంది. సప్తర్షులు ఆయనకు ముసలమ్మ మంచం. నాలుగు కోళ్లు మంచానివి, తోక మూడూ దాన్ని ఎత్తుకుపోవడానికొచ్చిన దొంగలు. కృత్తికలు పిల్లలకోడి. వరసగా మూడు చుక్కలున్నది గొల్లకావడి. సంక్రాంతికి కావడి రాత్రి పదిన్నరకు నడినెత్తి దగ్గరికి వస్తుందనీ, నెలకు రెండు గంటల చొప్పున ముందుకు జరుగుతుందనీ ఆయన వేళ్ల మీద లెక్క చెబుతుంటే నోట్‌బుక్ తీశాను. ఆయనకు ఒక్కటే కోపం. “ఈ తూరి వేగుచుక్క పొద్దున రాలేదు, సందేళ వస్తాంది. లేసేటందుకు సుక్క లేకపాయ.” అది శుక్రుడు. ఆ చలికాలమంతా సాయంత్రం పడమట వెలిగాడు.

ఇక ఫిబ్రవరి 9, ఆదివారం. పగటి నడక. కర్ర పాతి మూడు గంటలు కూర్చునే ఓపిక లేక చేతి గడియారం పద్ధతి పట్టుకున్నాను. మా మామగారి పాత ముళ్ల గడియారానికి అరవై రూపాయలిచ్చి సెల్లు వేయించాను. గంటల ముల్లును సూర్యుడి వైపు పెట్టాలి, ఆ ముల్లుకూ పన్నెండు అంకెకూ నడిమి చోటు దక్షిణం. తొమ్మిదిన్నర దాటాక ఊరి బయట అలా చూసి, దక్షిణానికి వీపు పెట్టి, ఎదురుగా దూరంలో ఒక బోడిగుట్టను గురి పెట్టుకుని బయల్దేరాను. మంచినీళ్ల సీసా, రెండు అరటిపళ్లు, సంచిలో స్విచాఫ్ చేసిన ఫోను. గర్వంగా ఉంది కూడా. వేరుశనగ పీకేసిన ఎర్రచేలు, వంకలు, కుచ్చిళ్ల నిండా పల్లేరు కాయలు.

పదకొండున్నర దాటినా మా ఊరి చెరువుకట్ట రాలేదు. వేరే చెరువొచ్చింది. గట్టు మీద మేకలు కాసే అవ్వను అడిగితే చెప్పిన ఊరి పేరు విని కూలబడ్డాను. మా ఊరికి పడమరగా రెండు కిలోమీటర్ల పైనే తప్పిపోయాను. “బస్సుకి పోకుండా నడిసొస్తివా? డబ్బుల్లేవా నీకాడ?” అని అవ్వ జాలి పడింది. ఆటోకు నూట ఇరవై. అమ్మ గడపలోనే నిలబెట్టి పల్లేరు కాయలు ఏరుతూ తిట్టింది.

ఎందుకు తప్పిందో మర్నాడు ఫిజిక్స్ సార్ కాగితం మీద లెక్క వేసి చూపించారు. మన గడియారాలన్నీ 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం ప్రకారం నడుస్తాయి. అది కాకినాడ వైపు పోతుంది. మేము దానికి చాలా పడమరగా ఉన్నాం కాబట్టి మా సూర్యుడు దాదాపు ఇరవై రెండు నిమిషాలు ఆలస్యం. దానికి తోడు ఫిబ్రవరి నెలలో సూర్యుడే ఇంకో పద్నాలుగు నిమిషాలు వెనకబడతాడు. నవంబరులో పదహారు నిమిషాలు ముందుంటాడు, అందుకే నా కర్ర అప్పుడు 12:05 చూపించింది. ఫిబ్రవరి 9న అదే కర్ర పాతి ఉంటే 12:36 చూపించేది. అంటే నేను తొమ్మిదిన్నర అనుకున్నది సూర్యుడి లెక్కలో ఇంకా తొమ్మిది కూడా కాలేదు.

అయితే అసలు తప్పు ఇంకోటి. మన దగ్గర సూర్యుడు పొద్దున పక్కకు జరగడు, పైకి ఎక్కుతాడు. తొమ్మిదింటికి కూడా ఉదయించిన దిక్కుకు దగ్గర్లోనే ఉంటాడు. నడిపొద్దు ముందు మాత్రం గబగబా దక్షిణం వైపు తిరుగుతాడు. గడియారం పద్ధతేమో గంటకు పదిహేను డిగ్రీల చొప్పున సమానంగా తిరుగుతాడని లెక్క వేస్తుంది. సూర్యుడు నడినెత్తికి రాని చల్లటి దేశాలకు అది సరిపోతుంది. ఈ రెండు తప్పులూ కలిసి నన్ను ఇరవై రెండు డిగ్రీలు పక్కకు లాగాయి. ఆరు కిలోమీటర్ల నడకలో అది రెండు కిలోమీటర్లు దాటుతుంది. పైగా ఏప్రిల్ చివరి నుంచి ఆగస్టు సగం దాకా మాకు మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తిని దాటి ఉత్తరానికి పోతాడు, నీడ దక్షిణానికి పడుతుంది. ‘మధ్యాహ్నం నీడ ఉత్తరం చూపిస్తుంది’ అన్న వాక్యం కూడా నేను బోర్డు మీద రాసిందే.

మరుసటి ఆదివారం, ఫిబ్రవరి 16న, మళ్లీ కర్రే. ఈసారి వలయం గీయలేదు. పన్నెండుంబావుకు నీడ కొన దగ్గర ఒక రాయి, ఒంటి గంటకు ఇంకో రాయి పెట్టి కలిపాను. నడిపొద్దుకు అటూ ఇటూ చేస్తేనే ఇది నమ్మకం, పొద్దున చేస్తే పది డిగ్రీల దాకా తేడా పడుతుంది. ఎండ మాడ్చింది గాని మూడు గంటలకు చెరువుకట్ట కనపడింది. అనుకున్న చివరకు కాదు, రెండో చివరకు చేరాను. అయినా మా చెరువే.

రాత్రి నడకకు శివరాత్రి రోజు పెట్టుకున్నాను, ఫిబ్రవరి 26, బుధవారం. చంద్రుడు ఉండడు, మా ఊరి గుడిలో జాగారం ఉంటుంది, ఎంత రాత్రయినా మనుషులు మేలుకునే ఉంటారు. మామను తోడు రమ్మన్నాను. వస్తానన్నాడు గాని షరతులు పెట్టాడు. ఒకటి, చేలల్లో అడ్డంగా నడవకూడదు. అడవిపందుల కోసం కొందరు కరెంటు తీగలు లాగుతారు, బండిబాటే పట్టాలి. రెండు, దారిలో తోటల దగ్గర కుక్కలుంటాయి, కర్ర నా చేతిలోనే ఉంటుంది. మూడోది మామ చెప్పిన తీరు ఇది: “ఉపాసం, జాగారం, నడక, మూడూ ఒకే దినం వద్దు. ఒకటి ఇడిసిపెట్టు.” ఉపవాసం వదిలేశాను. అమ్మకు ఇప్పటికీ చెప్పలేదు.

ఎనిమిదింటికి బయల్దేరాం. పడమట శుక్రుడు దిగిపోతున్నాడు. టార్చికి ఎర్ర సెల్లోఫేన్ కాగితం చుట్టాను, పది రూపాయలు. చీకటికి కళ్లు అలవాటు పడటానికి దాదాపు అరగంట పడుతుంది, తెల్ల వెలుతురు ఒక్క క్షణం చూసినా అంతా పోతుంది. ఎదురుగా మోటర్‌సైకిల్ వస్తే మామ ఒక కన్ను మూసుకునేవాడు. ఎవరు నేర్పారని అడిగితే “నేర్పాల్నా?” అన్నాడు.

కష్టం ఎక్కడ వచ్చిందంటే, బండిబాట తిన్నగా ఉండదు. వంక రాగానే అటు, దిబ్బ రాగానే ఇటు తిరుగుతుంది. ధ్రువ నక్షత్రం నా ముక్కుకు సూటిగా ఉండాలని పట్టుబడితే కుదరదు. అది ఎడమ భుజం మీదికి వచ్చిందా, కుడి భుజం మీదికి వచ్చిందా, అలా ఎన్ని అడుగులు వేశానన్నది గుర్తుపెట్టుకుని, తర్వాతి చీలిక దగ్గర సరిచేసుకోవాలి. కుడి జేబులో శనగలు పోసుకుని, బాట తూర్పుకు తిరిగిన ప్రతి వంద అడుగులకూ ఒకటి ఎడమ జేబులోకి, పడమరకు తిరిగితే ఒకటి వెనక్కి. మామ ఆ శనగలు మధ్యలో తినేశాడు.

పదింపావు ప్రాంతంలో ఉత్తరం వైపు ఎర్రగా ఒక చుక్క ఆరుతూ వెలుగుతూ కనపడి గుండె ఆగినంత పనైంది. గాలిమర దీపం. దాన్ని దాటాక చూస్తే ధ్రువ నక్షత్రమే లేదు. అడుగున దుమ్ము పొర, పైన ఆకాశం మాత్రం శుభ్రం. టెన్షన్ వచ్చింది. రెండు బాటలు చీలే చోట నిలబడ్డాం. మామకు ఏది మా ఊరి బాటో తెలుసు, కానీ పెదవి విప్పలేదు. బీడీ వెలిగించుకుని అటు తిరిగి కూర్చున్నాడు.

మొదట గొల్లకావడి వైపు చూశాను. అది ఉదయించేది సరిగ్గా తూర్పున, అస్తమించేది సరిగ్గా పడమట. కానీ అప్పటికి ఇంకా సగం ఎత్తులోనే ఉంది, అలాంటప్పుడు దాన్ని పడమర అనుకుంటే గడియారం కథే మళ్లీ. నేలకు దగ్గరయ్యాకే నమ్మాలి. ఈశాన్యంలో ముసలమ్మ మంచం అప్పటికి బాగా పైకొచ్చింది. క్రతువు, పులహుడు. వాటి మధ్య దూరం వేళ్లతో కొలిచి, ఐదుసార్లు కిందికి దింపుకుంటూ వచ్చాను. దుమ్ములో ఒక చోట వేలు ఆగింది. అక్కడ ఏమీ లేదు. దాని కింద, నేల మీద, ఒక తాటిచెట్టు. ఎడమ బాట ఆ తాటిచెట్టు వైపు పోతోంది.

“ఎడమది” అన్నాను.

మామ బీడీ నేలకేసి నలిపి లేచాడు. “పద” అన్నాడు. తప్పో ఒప్పో చెప్పలేదు. నాలుగు వందల అడుగులు వేశాక గాలిలో గుడి మైకు వినపడింది. ఏడుపొచ్చింది, ఎందుకో తెలియదు. చీకటి గనక మామ చూసి ఉండడు.

దారిలో మామ బంధువుల తోట దగ్గర టీ తాగి, కుక్కల వల్ల ఒక చోట అరగంట ఆగి, గుడికి చేరేసరికి పిల్లలకోడి మునిగిపోయింది. మామ లెక్కలో అర్ధరాత్రి దాటినట్టు. గుడి గోడ గడియారం పన్నెండూ యాభై చూపించింది. గుడి గుట్ట మెట్ల మీద కూర్చుని వెనక్కి తిరిగితే క్రతువు, పులహుడు నిలువుగా ఒకదాని కింద ఒకటి నిలబడి సూటిగా కిందికి చూపిస్తున్నాయి, దుమ్ము తగ్గి ధ్రువుడు మళ్లీ మసకగా కనపడుతున్నాడు. ఒకటిన్నరకు కావడి పడమట దిగింది. రెండున్నర దగ్గర దక్షిణాన, కొండ అంచుకు కాస్త పైన, నాలుగు చుక్కల గాలిపటం నిటారుగా నిలిచింది. త్రిశంకు. ఉత్తరాన ధ్రువుడెంత ఎత్తులో ఉన్నాడో దక్షిణాన అదీ ఇంచుమించు అంత ఎత్తులోనే ఉంది. ఇంగ్లండులో ఉన్నవాళ్లు త్రిశంకును చూడలేరు, ఆస్ట్రేలియాలో ఉన్నవాళ్లు ధ్రువుణ్ణి చూడలేరు. మా గుడి మెట్ల మీద తల అటూ ఇటూ తిప్పితే రెండూ ఉన్నాయి. మామను లేపి చూపించాను. నలభై ఏళ్లలో ఆయన దాన్ని చూశాడు గాని పేరు తెలియదట. పేరు రెండుసార్లు పలికి మళ్లీ కంబళి కప్పుకున్నాడు.

ఖర్చు చెప్పమని స్టాఫ్‌రూంలో అడిగారు. బూట్లు 1,150, టార్చి 180, గడియారం సెల్లు 60, సెల్లోఫేన్ కాగితం 10, తప్పిపోయిన రోజు ఆటో 120. మర్నాడు ఒక సి.ఎల్. బూట్లు అక్కర్లేదు, పాతవే బాగుండేవి. కొత్తవి మడమ కొరికేశాయి, వారం కుంటుతూనే తిరిగాను.

మార్చి 29, ఉగాది ముందు రోజు అమావాస్య. తల్లిదండ్రుల దగ్గర సంతకాలు తీసుకుని పదకొండు మంది పిల్లల్ని రాత్రి ఎనిమిదింటికి బడి మైదానంలోకి తెచ్చాను. మంచం ఈశాన్యంలో ఉంది, దొంగలు ఇంకా పైకి వస్తున్నారు. వెనక బెంచీ పిల్లాడు చేయి చాపి వేళ్లతో ఐదుసార్లు కొలిచి, తనంతట తానే దొరకబట్టాడు. కాసేపు చూసి, “ఇంత చిన్నదా మేడం?” అన్నాడు. తర్వాత పడమటికి తిరిగి, మొన్నటిదాకా అక్కడ వెలిగిన పెద్ద చుక్క ఏమైందని అడిగాడు. మనకూ సూర్యుడికీ మధ్యగా దాటిపోయింది, కొన్నాళ్లకు పొద్దున కనపడుతుందన్నాను. ఈసారి తెలిసే చెప్పాను.

ఏప్రిల్ రెండో వారంలో తెల్లవారుజామున ఐదింటికి ఫోను మోగింది. ఎవరికేమైందోనని గాభరాగా ఎత్తాను. వెనక గొర్రెల అరుపులు.

“పాపా, వచ్చింది సూడు” అన్నాడు మామ. “తూర్పున. వేగుచుక్క.”